పెద్దమ్మాయి తలలో తుప్పు

జూన్ 4

మా పళ్ళ మేస్త్రికి,

క్షేమంగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఫోన్ చేసేవాడివి. నీకు అవసరం పడితే తప్ప అత్తయ్య గుర్తు రాదు. ఇప్పుడు నాకు అవసరం పడి నువ్వు గుర్తొచ్చావు. చెల్లుకి చెల్లు.

పెద్దమ్మాయి తలకి తుప్పు పట్టింది.

నవ్వకు. నా ఐదు రెజిన్ బొమ్మల్లో మొదటిది, మూరెడు పొడుగుది, నువ్వు చిన్నప్పుడు దాని పక్కన పడుకోనని గోల చేసేవాడివే, అదే. దాని తల లోపల డొల్ల. వెనక చిన్న మూత ఉంటుంది, నాలుగు అయస్కాంతాలతో అతుక్కుని ఉంటుంది. తలలో రెండు, మూతలో రెండు. నిన్న విగ్గు తీస్తే మూత చుట్టూ గోధుమరంగు చారలు. మూత లాగితే కరకరమంది. ఒక చార నుదుటి మీదకి అరవేలెడు దిగింది. నా గుండె జారి కుట్టుమిషన్ కింద పడింది.

దాని మొహం మీ మామయ్య వేసిందని నీకు తెలుసు. సైన్‌బోర్డులు రాసే మనిషి, అంగడి బోర్డులన్నీ కంప్యూటర్‌లో అచ్చయ్యే రోజులొచ్చాక బొమ్మల మొహాలు వెయ్యడం మొదలుపెట్టారు. మూడేళ్ళ కిందట చేతులు వణకడం మొదలైంది. అంతకు ముందు ఆఖరుగా, పాతది తుడిచి కొత్తగా వేసిన మొహం పెద్దమ్మాయిదే. తుప్పు ఇంకా దిగితే తుడవాలి, తుడిస్తే రంగు పోతుంది, పోతే మళ్ళీ వెయ్యడానికి ఆయనకి చెయ్యి లేదు. ఆ సంగతి ఆయనకి తెలిసేలా చెయ్యడం నాకిష్టం లేదు.

పైగా జూలై ఇరవైన ఇలాంటి బొమ్మలున్న వాళ్ళందరూ లైబ్రరీ మేడ మీద హాల్లో కలుస్తున్నారు. ఏటా ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అడిగిన వాళ్ళకీ, అడగని వాళ్ళకీ విగ్గు తీసి మరీ చూపిస్తారు.

నువ్వు రోజంతా కట్టుడు పళ్ళు తయారుచేస్తావు. జిగుర్లు, ఆకురాళ్ళు, చిన్న చిన్న పనిముట్లు నీకు కొట్టినపిండి. ఏం చెయ్యాలో రాయి. ఫోన్ చెయ్యకు. మీ మామయ్య చేతులు వణికినా చెవులు మాత్రం నిక్కబొడుచుకునే ఉంటాయి. ఉత్తరం ఇంటికి కాదు, నేను కూర్చునే లాండ్రీ షాపుకి రాయి. ఇస్త్రీబల్ల పక్కన నా మిషన్ ఉంటుందిగా, ఓనరు తెచ్చి నా చేతికే ఇస్తాడు.

నీ నోటికి తాళం వేసుకోమని ప్రార్థిస్తూ,
అత్తయ్య

జూన్ 10

కత్తెర అత్తయ్యకి,

నీ ఉత్తరం ల్యాబ్‌లో విప్పాను. అది మొదటి తప్పు. పక్కన అచ్చులు పోసే ఆవిడ "ఎవరికి బాగోలేదు?" అని అడిగింది. పరధ్యానంలో "మా అత్తయ్య పెద్దమ్మాయికి తలలో తుప్పు" అన్నాను. ఆవిడ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. అప్పట్నించీ రోజూ నాకు టీ తెచ్చి ఇస్తోంది. నిజం చెప్పి ఆ టీ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సరే, విషయానికొస్తే. ఆ అయస్కాంతాల మీద పలచటి మెరుగు పూత ఉంటుంది. అది పగిలి తడి తగిలితే లోపలి లోహం కుళ్ళినట్టు అవుతుంది. ఒక ప్రశ్న అడుగుతాను, కోప్పడకు. విగ్గు ఉతికి, ఆరకుండానే తల మీద పెట్టావా?

(పెట్టావు. నాకు తెలుసు.)

ఇలా చెయ్యి. మూత తీసి, అయస్కాంతం చుట్టూ ఉన్న పాత జిగురుని సూదిమొనతో గీకు. కవర్లో పెద్ద అయస్కాంతం ఒకటి పెట్టాను, దాన్ని ఆనిస్తే తుప్పువి పైకి వస్తాయి. రాకపోతే మెల్లగా తవ్వు. తుప్పు చారల్ని సన్న గరుకు కాగితం తడిపి రుద్దు, రెజిన్ కదా, పైపొర పోతే మరకా పోతుంది. నుదుటి మీది చార దగ్గర మాత్రం ఊపిరి బిగపట్టుకుని రుద్దు. రంగు జోలికి పోకు.

కొత్తవి నాలుగు పంపుతున్నాను. వాటి మీద ఎర్ర చుక్కలు పెట్టాను. మూతలో వాటి చుక్క, తలలో వాటి చుక్క ఒకదాన్నొకటి చూసుకోవాలి. తిరగబడితే తోసుకుంటాయి, జాగ్రత్త. అతికించే ముందు అన్నిటినీ స్పిరిట్‌తో శుభ్రంగా తుడువు, రంగులేని గోళ్ళపాలిష్ రెండు పూతలు వెయ్యి, ఆరాక రెండు గొట్టాల జిగురు కలిపి అతికించు.

మామయ్యకి చెప్పేస్తే పోయేదిగా అని నా మనసులో ఉంది. నీ మనసులో లేదు కాబట్టి రాయడం లేదు.

టీ తాగుతూ,
నీ పళ్ళ మేస్త్రి

జూన్ 19

దుర్మార్గుడికి,

ఆరకుండా పెట్టాను. ఆ రోజు మీ మామయ్య పిలిచారు, హడావిడిలో తడి విగ్గు దాని నెత్తిన పెట్టి వెళ్ళాను, మర్చిపోయాను. తృప్తిగా ఉందా?

పని మధ్యాహ్నం షాపులో పెట్టుకున్నాను, ఓనరు భోజనానికి వెళ్ళిన గంటలో. పాతవి బిస్కెట్టు ముక్కల్లా పొడి పొడిగా రాలాయి. నుదుటి మీద చార పోయింది. ఒక్క చుక్క రంగు కూడా పోలేదు. నేను కుట్టిన ఏ జాకెట్టుకీ అంత ఓపిక పెట్టలేదు.

నువ్వు పంపినవి కవర్ విప్పగానే పరారయ్యాయి. ఒకటి కత్తెరకి, ఒకటి మిషన్ పలకకి, ఒకటి నా కళ్ళజోడుకి అతుక్కున్నాయి. నాలుగోది గుండీల డబ్బా అడుగున దొరికింది. అన్నిటినీ పట్టుకుని, నువ్వు చెప్పినట్టే స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాను.

చుక్కలు పోయాయి.

చుక్కలు పెట్టింది మార్కర్‌తో. తుడవమన్నది స్పిరిట్‌తో. పళ్ళు చేసే బుర్రకి ఇది తట్టలేదా? నాలుగూ ఒకేలా ఉన్నాయి, ముఖం ఏదో వీపు ఏదో దేవుడికే తెలియాలి. ధైర్యం చేసి అతికించేశాను. తెల్లారి మూత పెడితే కుడిపక్క బుద్ధిగా అతుక్కుంది. ఎడమపక్క లేచి నిలబడింది. నొక్కితే ఎగిరి ఇస్త్రీ బట్టల్లో పడింది. పెద్దమ్మాయి ఇప్పుడు టోపీ కాస్త ఎత్తి దారినపోయే వాళ్ళందర్నీ పలకరిస్తున్నట్టుంది.

ఇంట్లో ఇంకో తంటా. నా చేతులు స్పిరిట్ వాసన వేస్తున్నాయి. నీ ఉత్తరం షాపుకి వచ్చిందని ఓనరు దారిలో కనిపించి మీ మామయ్యతో చెప్పాడు. పళ్ళ ల్యాబ్‌లో పనిచేసే వాడితో రహస్యంగా ఉత్తరాలు, ఒంటి మీద మందు వాసన. ఆయన రెండూ కలిపారు. నేను గుట్టుచప్పుడు కాకుండా పళ్ళు పీకించుకుంటున్నానని తేల్చారు. మూడు రోజులుగా వంట ఆయనే చేస్తున్నారు. అన్నీ మెత్తగా, చెంచాతో తినేలా ఉడకబెడుతున్నారు. కాదని చెబితే మరి ఆ వాసనేంటి అంటారు. నోరు మూసుకుని మింగుతున్నాను.

తిరగబడిన అయస్కాంతం ఎలా తియ్యాలో వెంటనే రాయి. తలలో ఎడమది కొంచెం పైకి ఉంది, మూతలోది లోతుగా దిగిపోయింది.

పళ్ళు నూరుతూ, ఇంకా ఉన్నాయి కాబట్టి,
అత్తయ్య

జూన్ 25

అత్తయ్యా,

చుక్కల విషయంలో చెంపలేసుకున్నాను. రెండు చెంపలూ.

ముందు నీకో చెడ్డవార్త. మొన్న మామయ్య ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నిజం చెప్పరా, మీ అత్తయ్యకి ఎన్ని తీశారు?" అని అడిగారు. ఏవీ తియ్యలేదంటే వాసన గురించి అడుగుతారు, తీశారంటే అబద్ధం. "రెండే మామయ్యా, వెనకవి" అన్నాను. ఆయన పెద్ద నిట్టూర్పు విడిచారు. కాబట్టి ఇక నుంచి నీకు వెనక రెండు పళ్ళు లేవు, గుర్తుపెట్టుకో.

అయస్కాంతం సంగతి. ఎడమపక్క రెండింట్లో ఏ ఒక్కటి తిప్పినా చాలు. తలలో ఎడమది పైకి ఉందన్నావు కాబట్టి దాన్ని తియ్యడం సులువు. దూదిని గోళ్ళరంగు తుడిచే మందులో బాగా తడిపి, లోపల దాని మీద పెట్టి గంటసేపు వదిలెయ్యి. జిగురు మెత్తబడుతుంది. లోపలే కదా, మొహానికి ఏమీ కాదు. దూది జారకుండా తలని బోర్లా పెట్టు, నుదురు కాస్త కిందికి ఉండేలా.

ఈసారి ముందు మూతలో దానికి చూపించి, లాగుతోందో తోస్తోందో చూసి అప్పుడు అతికించు. చుక్కలతో పని లేదు.

నీ మేనల్లుడు

జూలై 1

అల్లుడూ,

తల డొల్ల అని మొదటి ఉత్తరంలోనే రాశాను. కళ్ళు లోపల్నించి మెత్తటి పుట్టీతో నిలబెడతారని రాయలేదు. అది నా తప్పే అనుకో.

దూదిలోంచి మందు కారింది. కారి, ఎడమ కంటి పుట్టీ సందులోంచి బయటికొచ్చింది. నుదురు కిందికి ఉంది కదా, నువ్వు చెప్పినట్టే. అటే పారింది. గంట తర్వాత తల ఎత్తి చూస్తే ఎడమ కనుబొమ్మ లేదు. తుడిచినట్టు కూడా లేదు. అసలు అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టుంది.

అయస్కాంతం చక్కగా ఊడింది. తిప్పి అతికించాను. మూత ఇప్పుడు టక్కుమని పడుతోంది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొస్తోంది.

పెద్దమ్మాయిని బట్టలో చుట్టి షాపులో తువ్వాళ్ళ కింద దాచాను. ఇంట్లో ఏదని అడిగితే కొత్త గౌను కొలతలకి తీసుకెళ్ళానని చెప్పాను. ఆయన, "దానికి గౌను తర్వాత, నీకు చిగుళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నారు. ఇంత మంచి మనిషికి ఇంత ద్రోహం నేనెప్పుడూ చెయ్యలేదు.

అత్తయ్య

జూలై 4

అత్తయ్యా,

మూడుసార్లు రాసి చింపేశాను. తప్పు నీది కాదు, పూర్తిగా నాది. నేను రోజూ చేసే పళ్ళు గట్టివి, వాటికి లోపలా బయటా అని ఉండదు. ఇంకోటి, రాయడానికే సిగ్గేస్తోంది. ఏ ఒక్కటి తిప్పినా చాలని నేనే రాశాను కదా. మూతలోది తిప్పమని రాసి ఉంటే? మూతకి మొహం లేదు. మొత్తం మూతని గిన్నెలో నానబెట్టినా ఏ కొంపా మునిగేది కాదు.

నేను సరిచేస్తాను. పళ్ళ మీద సహజంగా కనిపించేలా సన్న గీతలు, మచ్చలు నేనే వేస్తాను, వెంట్రుక కంటే సన్న బ్రష్షులున్నాయి నా దగ్గర. పదమూడో తారీఖు ఆదివారం వస్తాను. కుడి కనుబొమ్మ చూసి ఎడమది అచ్చు దింపేస్తాను. ఆయన కనిపెట్టలేరు.

మామయ్యకి మాత్రం పొరపాటున కూడా చెప్పకు. ఆ చేతులతో ఇప్పుడాయన ఏం చెయ్యగలరు? ఊరికే కుమిలిపోతారు.

నీ మేనల్లుడు

జూలై 10

అల్లుడూ,

ఆదివారం రావద్దు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

నీ ఆఖరి ఉత్తరం మీద అడ్రసు చూసుకున్నావా? కంగారులో చెయ్యి అలవాటు ప్రకారం ఇంటి అడ్రసు రాసేసింది. నీ ఉత్తరం ఇంటికొస్తే అది ఇద్దరిదీ అని ఈ ఇంట్లో మొదట్నించీ ఉన్న పద్ధతి కదా. విప్పారు. నేను వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆఖరి నాలుగు వాక్యాలు నాకు చదివి వినిపించారు. మడిచి కంచం పక్కన పెట్టారు. "ఉప్పు ఇటివ్వు" అన్నారు.

రెండు రోజులు ఉప్పు తప్ప ఇంకో మాట లేదు. ఒక్కసారి మాత్రం, "అయితే పళ్ళు?" అన్నారు. "అన్నీ ఉన్నాయండీ" అన్నాను. తర్వాత పూట కూర గట్టిగా ఉంది, ముక్క నమలలేక చచ్చాను.

మూడో రోజు పొద్దున్నే వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"బ్రష్షులు ఎక్కడ పెట్టావు?"

చేతులు వణకడం మొదలైన కొత్తలో నేను ఆయన బ్రష్షుల డబ్బా తీసి అటక మీద పెట్టెల వెనక పెట్టేశాను. కళ్ళబడితే బాధపడతారని. ఆయనెప్పుడూ అడగలేదు కాబట్టి మర్చిపోయారనుకున్నాను.

"అటక మీద ఉన్నాయి" అన్నాను.

"పారేశావనుకున్నాను" అన్నారు. "ఇక ఈయన పనైపోయిందని నువ్వే తేల్చేశావనుకున్నాను. అందుకే అడగలేదు."

ఒరేయ్, మూడేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ, ఆయన అలా అనుకుంటూ, నేను ఇలా అనుకుంటూ. నేను నిచ్చెన వేసుకుని డబ్బా దింపే లోపల రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము అని చెప్పాను.

పెద్దమ్మాయిని తెచ్చి ముందు పెట్టాను. చూశారు. మూత తీసి టక్కుమని వేసి, "ఇది మాత్రం బాగా చేశావు" అన్నారు. బ్రష్షు తీసుకున్నారు. మోచెయ్యి బల్లకి ఆన్చి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూశారు. మొన దాని మొహానికి ఆమడ దూరంలోనే తిరుగుతోంది. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇటు చూడు" అన్నారు. "నువ్వు పట్టుకో."

"నాకు సూది వచ్చు గానీ బ్రష్షు రాదండీ."

"సూదికి బొచ్చు మొలిచిందనుకో."

కూర్చున్నాను. నా చెయ్యి, ఆయన నోరు. "గీత గియ్యకు, ఒక్కొక్క వెంట్రుకా వెయ్యి. ముక్కు వైపు నుంచి మొదలుపెట్టు. రంగు ఎక్కువైంది, గుడ్డకి ఒత్తు. ఊపిరి తీసుకోవే, చచ్చిపోతావు." సైన్‌బోర్డుల కొట్లో పని నేర్చుకునే వాళ్ళ మీద ఎలా అరిచేవారో, అలా అరిచారు. ఇన్నేళ్ళూ ఇంట్లో పిల్లిలా తిరిగిన మనిషి, వీధి చివరికి వినిపించేలా! పక్కింటావిడ కంగారుపడి తొంగిచూసింది. నేను ఆనందంగా తిట్లు తింటున్నానని ఆవిడకి ఏం చెప్పను?

వెయ్యడం, "చెరుపు" అనడం. వెయ్యడం, "చెరుపు" అనడం. ఏడుసార్లు తడిగుడ్డతో తుడిపించారు. ఎనిమిదోసారి ఏమీ అనలేదు. కాసేపు చూసి, లేచి, బ్రష్షులు తనే కడిగి ఆరబెట్టారు. అలసిపోయారేమోనని నేనూ ఊరుకున్నాను. కనుబొమ్మ కొంచెం పైకి లేచింది, కుడిదానితో కలవలేదు. ఎవరు చూసినా తెలిసిపోతుంది.

నీ మీద కోపం ఉందో లేదో నాకు తెలియదు. నువ్వే రాసి కనుక్కో. ఇంటి అడ్రసుకే.

అత్తయ్య

జూలై 14

మామయ్యకీ అత్తయ్యకీ, ఇద్దరూ కలిసే చదవాలి,

మామయ్యా, "ఆ చేతులతో ఏం చెయ్యగలరు" అని రాసింది నేనే. ఆ వాక్యం మీరు పైకి చదివారని తెలిశాక నాకు అన్నం సహించలేదు. మీతో మాట్లాడకుండా మీ గురించి నిర్ణయాలు తీసుకున్నాం, అత్తయ్య ప్రేమకొద్దీ, నేను తెలివి ఎక్కువై. క్షమించండి. వెనక పళ్ళ విషయంలో కూడా.

చిన్న సాయం. నేను చేసే పళ్ళకి రంగు సరిగ్గా కుదరడం లేదని డాక్టర్లు తిప్పి పంపుతున్నారు. మీరు చెబుతుంటే నేను వెయ్యాలి. ఇరవై తర్వాత ఎప్పుడు రమ్మంటారు?

అచ్చులు పోసే ఆవిడకి నిజం చెప్పేశాను. టీ ఆగిపోయింది.

మీ అల్లుడు

జూలై 21

అల్లుడూ,

నీ ఉత్తరం చదివి మీ మామయ్య "రమ్మను, గడ్డి పెడతాను" అన్నారు. అంటే కోపం పోయిందని. వచ్చే నెల మొదటి వారంలో రా. తిట్లు తినడానికి ఖాళీ కడుపుతో రా.

నిన్న లైబ్రరీ హాలుకి వెళ్ళాం. నేను భయంతో పెద్దమ్మాయికి నుదుటి దాకా వచ్చే విగ్గు పెట్టాను. ఆయన కూర్చోగానే తీసి పక్కన పడేశారు. నేను రెండు కుర్చీల అవతల ఎవరిదో బొమ్మ గౌను అంచు కుడుతూ తల దించుకుని కూర్చున్నాను.

బొమ్మలు బాగా తెలిసిన ఒకావిడ వచ్చింది, మెళ్ళో భూతద్దం వేలాడుతోంది. పెద్దమ్మాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "కుడి కనుబొమ్మ అద్భుతం. ఎడమది వేరే చెయ్యి, పైకి లేచింది. నాకు తెలిసిన అమ్మాయి ఉంది, తుడిచేసి సరిగ్గా వేసిపెడుతుంది" అంది.

నా సూది ఆగిపోయింది.

మీ మామయ్య బొమ్మని ఆవిడ చేతుల్లోంచి తీసుకున్నారు. మెల్లిగానే. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. "నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరి చేతా, పూర్తయిన మొదటి పని చెరిపించాను. అది మా కొట్లో పద్ధతి. ఇది మా ఆవిడ వేసింది. దీన్ని చెరపమనడానికి నాకు నోరు రాలేదు."

అంటే ఆ ఎనిమిదోసారి ఆయన అలసిపోలేదు.

ఇంటికొచ్చాక ఆ మాట ఇంకోసారి అనండి అని అడిగాను. "ఏ మాట?" అన్నారు. మొహం చూస్తే ఏమీ తెలియనట్టే ఉంది. పొద్దున లేచేసరికి రెండో బొమ్మని బల్ల మీద పెట్టి, పెదాల రంగు వెలిసిపోయిందని, నేను టీ తాగేదాకా కూడా ఆగకుండా పిలుస్తున్నారు. ఇదిగో, మళ్ళీ అరుస్తున్నారు.

వెళ్ళాలి. పనిలో ఉన్నాను.

అత్తయ్య